వదిన చెట్టు, నా కుండీ

చలికాలం మొదట్లో ఒక ఆదివారం పొద్దున, ఇంట్లో ఇంకా కాఫీలు కూడా కాకముందే, మా వదిన వచ్చి నా షెడ్డు గుమ్మం ముందు నిలబడింది. లోపలికి రాలేదు. ఆ షెడ్డులో ఆవిడ అప్పటిదాకా ఎన్నడూ అడుగు పెట్టలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, గోడకున్న అలమరతో మాట్లాడుతున్నట్టు అటే చూస్తూ, "నీ తిరుగుడు బల్ల ఇవాళ్టికి కావాలి. చెట్టు కిందికి దించుతున్నాం," అంది.

నా చేతిలో మట్టిముద్ద అలాగే ఉండిపోయింది. ఆ చెట్టు డాబా మీద నుంచి ఎప్పుడు దిగుతుందా అని మా ఇంటిల్లిపాదీ ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నాం.

వదిన మా ఆయనకు అక్క. కొండ దారిలో బస్సు నడుపుతుంది. పెళ్లి చేసుకోలేదు, ఎందుకని అడిగినవాళ్లకు తీరిక దొరకలేదని చెప్పి ఊరుకుంటుంది. డిపోలో ఆవిడను మేజర్ అంటారు. ఇంట్లో మొహం మీద అలా పిలిచే ధైర్యం ఎవరికీ లేదు గానీ, ఆవిడ లేనప్పుడు మా అత్తగారు కూడా కన్నకూతురిని మేజర్ అనే అనేవారు.

నేను టైల్స్ ఫ్యాక్టరీలో ఉద్యోగం మానేసి సొంతంగా కుండీలు, గిన్నెలు చేయడం మొదలుపెట్టినప్పుడు, బట్టీ పెట్టుకోవడానికి కారు షెడ్డు తప్ప వేరే చోటు లేకపోయింది. దాంతో వదిన చిన్న కారు వీధిన పడింది. ఆవిడ ఒక్క మాట అనలేదు. సాయంత్రం కారు మీద టార్పాలిన్ కప్పేటప్పుడు మాత్రం వీధి చివరిదాకా వినిపించేలా దాన్ని ఫెళఫెళమని దులిపేది. ఆ చప్పుడు నాకోసమేనని నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకూ తెలుసు. ఒకే బల్ల దగ్గర భోంచేస్తూ, బస్సులో పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరు ప్రయాణికుల్లా, ఒకరికొకరు మోచెయ్యి తగలకుండా బతికేవాళ్లం.

ఇక ఆ చెట్టు. కొండ దారిలో ఒక ఇరుకు మలుపు దగ్గర రాతి పగులులో పుట్టిన పైన్ అది. వయసెంతో ఎవరికీ తెలియదు. గాలీ మంచూ కలిసి దాన్ని నడుమెత్తు మించి పెరగనివ్వలేదు. బస్సు ఆ మలుపు తిప్పిన ప్రతిసారీ వదిన దాన్ని ఓరకంట చూసుకునేది. దారి వెడల్పు చేయడానికి ఆ బండను పేల్చేస్తారని తెలిసిన రోజున రోడ్ల ఇంజనీరు గదికి వెళ్లి, చెట్టు తీసుకోవడానికి అనుమతి చేతికొచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదట. నడుముకు తాడు కట్టుకుని కొండ అంచున వేలాడి, వేళ్లకు పట్టిన మట్టి రాలకుండా గోనెపట్టాలో చుట్టి తెచ్చింది. డాబా మీద చెక్కపెట్టెలో గులకరాళ్ల మధ్య నాటి, దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని, తానూ ముట్టుకోనని ప్రకటించింది. అన్నట్టే ముట్టుకోలేదు. నీళ్లు పోయడం, చూడడం, అంతే. కొండ మీద నుంచి వచ్చిన చెట్టు ముందు బతకాలి, అందం సంగతి ఆ తర్వాత అని ఆవిడ లెక్క. మొదటి ఏడాది సూదుల్లాంటి ఆ ఆకులు సగం ఎర్రబడి రాలిపోయాయి. ఆ ఏడాదంతా ఆవిడతో మాట్లాడాలంటే మాకు భయమేసేది. తర్వాత మెల్లగా పచ్చబడింది. ఈ చలికాలానికి కొమ్మ కొమ్మకీ ఆకు దట్టంగా పట్టి, బొద్దుగా తయారైంది.

మా ఆయనా వదినా కలిసి ఆ చెక్కపెట్టెను ఒక్కో మెట్టూ దించుతుంటే, అత్తగారు కింద కుర్చీలో కూర్చుని, "నా పెద్ద మనవడు దిగుతున్నాడు, అందరూ పక్కకి జరగండి," అని హెచ్చరికలు చేస్తున్నారు. ఆవిడకు చూపు బాగా మందగించింది. చెట్టు రంగు ఆకుపచ్చ అని తెలుస్తుంది గానీ వివరాలు తెలియవు. అందుకని ఎదురొచ్చిన ప్రతి కొమ్మనూ తడిమి చూసేవారు.

అంత బరువును మోసి, వేలితో తోస్తే తిరిగే బల్ల ఊళ్లో నా దగ్గరే ఉంది. పెద్ద జాడీలు చేసేటప్పుడు వాడే పోత ఇనుప బల్ల అది. దాన్ని బయటికి మోసేకంటే చెట్టునే లోపలికి తేవడం సులువు. అలా ఆ రోజు చెట్టుతోపాటు వదిన కూడా నా షెడ్డులోకి వచ్చింది. వస్తూనే తలెత్తి చుట్టూ చూసి, "ఇంత శుభ్రంగా ఉంటుందనుకోలేదు," అంది. పొగడ్తో దెప్పో తేల్చుకునేలోపే పళ్ల డాక్టరుగారు వచ్చేశారు.

ఆయన పళ్లు పీకడం మానేసి చాలా కాలమైంది. ఊళ్లో కుండీల్లో మరుగుజ్జు చెట్లు, బోన్సాయ్ పెంచేవాళ్లందరికీ పెద్దదిక్కు. మా వదినకు ఆ పిచ్చి అంటించింది ఆయనే. పాత తోలు సంచిలోంచి తన పనిముట్లు ఒక్కొక్కటే తీసి నా బల్ల మీద పరిచారు. పంటి గార గీకే కొంకీలు, చిన్న చిన్న ఉలులు, అద్దం ముక్క. అత్తగారు ఆ చప్పుడు విని, "నా నోరు మాత్రం తెరవను," అన్నారు.

ముందు తేల్చుకోవలసింది చెట్టుకు ముఖం ఎటువైపు అన్నది. ఏ పక్క నుంచి చూస్తే చెట్టు తన కథంతా చెబుతుందో అదే ముఖం. మిగతా పనంతా దాన్నిబట్టే. వదిన ఆ సంగతి ఎప్పుడో తేల్చేసుకుంది. బస్సులోంచి ఇన్నేళ్లూ చూసిన వైపే ముందు వైపు. అందులో చర్చ లేదన్నట్టు చెట్టును అటు తిప్పి నిలబెట్టింది. డాక్టరుగారు గడ్డం నిమురుకున్నారు. అటునుంచి చూస్తే పెద్ద కొమ్మ కంట్లో పొడిచినట్టు సూటిగా మన మీదికే వస్తోందని నెమ్మదిగా అన్నారు. దానికి ఎదురు వైపు మేలేమో అన్నారు. అటు తిప్పితే చెట్టు మనకు వీపు చూపించి అలిగినట్టు ఉంది. మా ఆయన మూడో వైపు చూపించాడు. అక్కడ కాండం స్తంభంలా నిటారుగా కనిపిస్తోంది. మా ఆయన ఎలక్ట్రీషియన్ కాబట్టి స్తంభాలే నచ్చుతాయని వదిన కొట్టిపారేసింది. బట్టల కొట్లో తాను మీద తాను పరిపించి ఏదీ తేల్చనివాళ్లలా చాలాసేపు అలా తిప్పుతూనే ఉన్నారు.

బల్ల తిప్పే పని నాది. కుండలు చేసే సారె ముందు వేసుకునే పొట్టి పీట మీద కూర్చుని, పాదు ఎత్తులో కళ్లు పెట్టుకుని మెల్లగా తిప్పుతున్నాను. నాకు చెట్టు సంగతి ఏమీ తెలియదు. ఒకచోట మాత్రం చెయ్యి దానంతటదే ఆగిపోయింది. అక్కడ చెట్టు వేళ్లు రాతిని పట్టుకున్న చేతివేళ్లలా నేలను పట్టుకుని ఉన్నాయి. కాండం ముందు కుడివైపుకు ఒరిగి, పడిపోబోయి, మనసు మార్చుకున్నట్టు వెనక్కి తిరిగి పైకి లేచింది. ఆ వంపు లోపలి నుంచి ఎప్పుడో పిడుగో మంచో చంపేసిన పాత కొమ్మ ఒకటి ఎముకలా తెల్లగా బయటికి వచ్చింది.

"ఇక్కడ," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ముగ్గురూ నా వైపు చూశారు. నిలబడి చూస్తే ఏముంది అక్కడ అన్నట్టు వదిన మొహం పెట్టింది. కిందికి వంగి చూడమన్నాను. వంగింది. ఇంకా కిందికన్నాను. ఆఖరికి, "లే," అని నన్ను లేపి నా పీట మీద తనే కూర్చుంది.

తల అటూ ఇటూ వంచి చూసింది. తర్వాత డాక్టరుగారి వైపు తిరిగి, "ఇన్నేళ్లూ డ్రైవరు సీటు ఎత్తులోంచి చూశానండీ," అంది. ఆయన వచ్చి మోకాళ్లు పట్టుకుని కూర్చుని చూసి, చిన్నపిల్లాడిలా నవ్వడం మొదలుపెట్టారు.

ఆ క్షణం నుంచి షెడ్డులో గాలే మారిపోయింది. ఏదో జరగబోతోందని అందరికీ తెలిసిపోయింది. మా ఆయన పరుగున వెళ్లి రాగి తీగ చుట్టలు తెచ్చాడు. పాత వైరింగుల్లోంచి ఒలిచి, పొయ్యి మీద ఎర్రగా కాల్చి, మెత్తబరిచి దాచిన తీగ అది. అక్క ఎప్పుడడిగితే అప్పుడు ఇవ్వాలని ఏళ్లుగా పోగు చేశాడట. ఆ సంగతి నాతో కూడా చెప్పలేదు. వదిన పాత సూదాకులు పీకుతోంది. అత్తగారు వాటిని ఏరి ఒళ్లో పోగేస్తున్నారు. డాక్టరుగారు కొంకీతో ఎండుకొమ్మ మీది కుళ్లిన పొట్టు గీకుతుంటే లోపల నుంచి తేనెరంగు చేవ బయటపడుతోంది. షెడ్డంతా పైన్ జిగురు వాసన. నా మట్టి వాసన ఎటు పోయిందో తెలియలేదు.

అన్నిటికంటే కష్టమైనది పెద్ద కొమ్మ. అది అడ్డంగా చాచుకుని ఉంది. కొండ అంచున మంచు బరువుకు వాలిన కొమ్మలా దాన్ని కిందికి దించాలి. నానబెట్టిన నారను దానికి కట్టులా గట్టిగా చుట్టారు, మీద లావు తీగ చుట్టారు. వదిన కొమ్మ చివర పట్టుకుంది. కొమ్మ కాండాన్ని కలిసేచోట పట్టుకోవడానికి మా ఆయన ముందుకు వస్తే ఆవిడ వద్దంది.

"నువ్వు పట్టుకో," అంది నాతో. "మట్టి చీలేముందు నీ చేతికి తెలుస్తుంది కదా? అలాగే చూడు. నువ్వు ఆగమంటే ఆగుతా."

రెండు చేతులతో పట్టుకున్నాను. ఆవిడ వంచుతుంటే నార కింద కర్ర బిగుసుకోవడం, మెల్లగా ఒప్పుకోవడం నా అరచేతులకు తెలుస్తోంది. బతికున్నదాని మొండితనం అది. మట్టిది అలా ఉండదు. ఇంకొంచెం అన్నాను. ఇంకొంచెం. ఆవిడ ఊపిరి నా చెవి పక్కనే వినిపిస్తోంది. కొండ మలుపుల్లో స్టీరింగు తిప్పిన చేతులు, గింజంత గింజంతగా కదులుతున్నాయి. నా అరచేతి కింద ఏదో సన్నగా వణికింది.

"ఆగండి."

ఆగింది. కానీ ఆ ఆగడంలోనే టక్కుమని ఒక చిన్న చప్పుడు వచ్చింది. అందరం బిగుసుకుపోయాం. వదిన మొహంలో రక్తం లేదు.

"ఆ చప్పుడు నా మోకాలిది కాదు కదా," అన్నారు అత్తగారు.

ఎవరూ నవ్వలేదు. డాక్టరుగారు అద్దం ముక్క పెట్టి పైనా కిందా చూశారు. పైవైపు వెంట్రుకంత చీలిక. కింద బెరడు చెక్కుచెదరలేదు. మైనం పూసి, ఇంకేమీ లాగకుండా, ఉన్నచోటనే తీగతో కిందికి కట్టేద్దామన్నారు. ఇంకొక్క పిసరు వంచి ఉంటే కొమ్మ చేతికొచ్చేదని ఆయన అన్నప్పుడు వదిన నా చేతుల వైపు చూసింది. అప్పుడు నవ్వొచ్చింది అందరికీ, ఇందాకటి మోకాలి మాటకి, ఆలస్యంగా.

పొద్దు వాలేసరికి పని అయింది. కొమ్మలన్నీ తమ తమ చోట్లకు వెళ్లి కూర్చున్నాయి. మధ్యలో ఖాళీలు వచ్చాయి, ఆ ఖాళీల్లోంచి వంపు కనిపిస్తోంది. మేమెవరం అన్నం తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. అత్తగారు లేచి వచ్చి పాదు నుంచి చిగురుదాకా నిదానంగా తడిమారు. "ఎదురుగాలిలో నడుస్తున్న మనిషిలా ఉన్నాడు," అన్నారు. చూపున్నవాళ్లం నలుగురం అంతవరకూ ఆ మాట వెతుక్కుంటూనే ఉన్నాం.

డాక్టరుగారు సంచి సర్దుకుంటూ, చలి తగ్గి మొగ్గలు ఉబ్బే వేళకు మంచి కుండీ చూసి పెట్టుకోవాలని అన్నారు. పాతకాలపు కుండీలు ఎక్కడ దొరుకుతాయో చెప్పబోయారు.

"ఎక్కడికీ వెళ్లక్కర్లేదండీ," అంది వదిన. "మా మరదలు చేస్తుంది."

నన్ను అడగలేదు, నా వైపు చూడనూ లేదు. బస్సు ఏ దారిన పోతుందో ప్రయాణికులను అడుగుతారా? నాకు మాత్రం కాళ్ల కింద నేల కాస్త పైకి లేచినట్టయింది.

ఆ చలికాలమంతా నేను వేరే పని సరిగ్గా చేసింది లేదు. కాగితం మీద గీశాను, చెరిపాను. అట్టముక్కలు కత్తిరించి చెట్టు ముందు నిలబెట్టి చూశాను. ముందు నలుచదరంగా, మట్టి పలకలు అతికి చేసిన కుండీ ఆరేటప్పుడే మూల దగ్గర విచ్చింది. రెండోది బట్టీలో నడుం కూలబడి, అలసిపోయిన గేదెలా బయటికి వచ్చింది. వదిన డ్యూటీ దిగి యూనిఫాం మార్చకుండానే షెడ్డుకు వచ్చేది. గుమ్మం దగ్గర ఆగడం మానేసింది. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, ఇవాళ మట్టి ఏమందని అడిగేది. కూలిన కుండీని చూసి, అది ఘాట్ రోడ్డు మొదటిసారి ఎక్కిన డ్రైవరులా ఉందని ఓదార్చింది. ఒక సాయంత్రం తన భోజనం డబ్బా నా ముందు పెట్టి మూత తీసింది. నిండా ఎర్రమట్టి. పేల్చేసిన బండ కింద నుంచి, బస్సు ఆపి, ప్రయాణికులను కాసేపు ఓపిక పట్టమని చెప్పి ఎత్తుకొచ్చిందట.

ఆ మట్టిని నీళ్లలో కలిపి, జల్లెడ పట్టి, నా మట్టిలో కలిపి పిసికాను. మూడో కుండీ కోలగా చేశాను. లోతు తక్కువ, పెదవి కాస్త బయటికి ఒంపు, నడుం చుట్టూ దారమంత సన్నటి గీత, కింద మబ్బు ఆకారంలో నాలుగు కాళ్లు. మెరుగు పూత వేయలేదు. బట్టీ చల్లారిన రోజున వదిన డ్యూటీ మార్చుకుని ఇంట్లో ఉండిపోయింది. తలుపు తీశాక నలుగురం ఒకేసారి లోపలికి తలలు పెట్టబోయి ఢీకొట్టుకున్నాం. ఎర్రమట్టి కాలి, ముదురు ఇటుకకీ గోధుమకీ మధ్య ఒక రంగు తేలింది. అంచు మీద వేలితో కొడితే గంటలా మోగింది. వదిన మళ్లీ కొట్టింది. మళ్లీ కొట్టింది. ఇంక చాలు, పగులుతుందని మా ఆయన లాక్కున్నాడు.

నేను చేసినవాటిలో అంత అందమైనది అంతకుముందు లేదు. మరుసటి వారం బోన్సాయ్ సంఘం సమావేశంలో వదిన నిలబడి, ఎండలు ముదిరేలోపు జరిగే ప్రదర్శనకు తన పైన్ వస్తుందని, అది మా ఇంటి కుండీలో వస్తుందని అందరి ముందూ చెప్పింది. ఆ మాట నాకు డాక్టరుగారి ద్వారా తెలిసింది. వదిన ఇంటికొచ్చి కూర ఏమిటని మాత్రమే అడిగింది.

మొగ్గలు ఉబ్బాయి. ఎండ మంచిగా కాసిన ఒక పొద్దున చెట్టును పెరట్లోకి తెచ్చాం. చెక్కపెట్టె పలకలు ఒక్కొక్కటే ఊడదీస్తే వేళ్ల ముద్ద పెట్టె ఆకారంలోనే నిలబడింది. దాని నిండా తెల్లటి బూజు, సాలెగూడులా. నేను కంగారు పడ్డాను గానీ డాక్టరుగారి కళ్లు మెరిశాయి. పైన్ వేళ్లకు అది ప్రాణస్నేహితుడని, అది ఉందంటే చెట్టు ఆరోగ్యంగా ఉన్నట్టేనని చెప్పారు. వాన పడ్డాక పుట్టగొడుగుల దగ్గర వచ్చే వాసన. వెదురుపుల్లలతో ఒక పక్క మట్టి మాత్రమే రాల్చి, రెండో పక్క ముట్టుకోకుండా వదిలేశారు. ఒకేసారి అంతా విప్పితే తట్టుకోలేదట. వేళ్లకు తడిగుడ్డ చుట్టి, చెట్టును ఎత్తి నా కుండీలో కూర్చోబెట్టారు. అతికినట్టు పట్టింది. నా కొలతలు ఎక్కడా తప్పలేదు.

డాక్టరుగారు భలే ఉందన్నారు. మా ఆయన చేతులు కట్టుకుని, ఇది తన భార్య చేసిందని వినేవాళ్లెవరైనా ఉన్నారా అని చుట్టూ చూస్తున్నాడు. వదిన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

నేను అలవాటు ప్రకారం కింద కూర్చుని చూశాను.

కుండీ కనిపించింది. ఎండలో ఆ రంగు, ఆ గీత, ఆ మబ్బు కాళ్లు. కంటికి ఇంపుగా ఉంది. కళ్లను పైకి, చెట్టు మీదికి జరపాలని చూశాను. జరిగాయి, మళ్లీ కుండీ మీదికే జారాయి. పక్కకు వెళ్లి కళ్లు మూసుకుని తెరిచి చూశాను. మళ్లీ అదే. ఎదురుగాలిలో నడిచే మనిషికి కొత్త బూట్లు తొడిగినట్టుంది. పెరటి గోడ పక్కన డాక్టరుగారి పాత కుండీ ఒకటుంది. ఎందుకైనా మంచిదని కారులో వేసుకొచ్చారు. మందపాటి అంచుతో, గుండ్రంగా, తడి బండ రంగులో, అలంకారం అనేది ఏమీ లేకుండా ఉంది. దాని వైపు చూడకూడదనుకుంటూనే చూశాను.

తడిగుడ్డలో ఉన్నా వేళ్లు ఆరిపోతున్నాయి. కూర్చుని ఆలోచించుకునే వీలు లేదు.

"వదినా, నాది వద్దు," అన్నాను.

"ఏం?"

"ముందు కుండీ కనిపిస్తోంది. చెట్టు తర్వాత కనిపిస్తోంది."

మా ఆయన ఏదో అనబోయాడు. అత్తగారు అతని చొక్కా అంచు పట్టుకుని లాగారు. డాక్టరుగారు తన గోళ్లలోని మట్టి చూసుకుంటున్నారు. వదిన నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకోలేదు, తిప్పుకుంటే ఏడుపొచ్చేలా ఉంది.

"డాక్టరుగారూ, మీ కుండీ ఇటివ్వండి," అంది వదిన.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగాయి. రంధ్రాల మీద జాలీ, వేళ్లను కదలకుండా కట్టడానికి తీగలు, గులకరాళ్లు. వెదురుపుల్లతో సందు సందులోకీ రాళ్లు దూర్చుతూ వెళ్లాం. చెట్టు నిలబడింది. ఇప్పుడు కిందికి చూస్తే కుండీ లేదు, కొండ ఉంది. మా ఆయన కూడా "అబ్బ" అన్నాడు, నా మొహం చూసి మళ్లీ నోరు మూసుకున్నాడు. కానీ నాకు ఆశ్చర్యం ఏమిటంటే, లోపల ఏదో ఉరకలేస్తోంది. బాధ లేకపోలేదు. దాన్ని తోసుకుంటూ సంతోషం వస్తోంది. సరైనది సరైనచోట కూర్చోవడం కళ్లారా చూశాను, అది నాకు ముందే కనిపించింది.

పని ముగిశాక పెరటి కుళాయి దగ్గర వదినా నేనూ పక్కపక్కన కూర్చుని చేతులు కడుక్కున్నాం. జిగురు అంత తొందరగా వదలదు. ఆవిడ కొబ్బరినూనె సీసా నా చేతిలో ఒంపి, తన వేళ్లు రుద్దుకుంటూ, "నాకూ తెలిసింది," అంది.

"ఏమిటి?"

"నీ కుండీలో పెట్టగానే తెలిసింది. ఇది కాదని."

"మరి చెప్పలేదేం?"

వదిన కుళాయి కట్టేసింది. "అందులోనే నాటేసేదాన్ని," అని లేచి, తువ్వాలు కోసం లోపలికి వెళ్లిపోయింది.

నేను నూనె చేతులతో అక్కడే కూర్చుండిపోయాను. ఆ చెట్టు కోసం తాడు కట్టుకుని కొండ అంచున వేలాడిన మనిషి. ఏళ్ల తరబడి దాని వంక చూస్తూ చెయ్యి వేయకుండా ఉన్న మనిషి. నా కోసం దాన్ని తనకు నచ్చని కుండీలో పెట్టి, జీవితాంతం బాగుందని చెప్పడానికి సిద్ధపడింది. లోపల నుంచి ఆవిడ తువ్వాలు ఎక్కడ చచ్చిందని ఎవరినో కసురుతోంది.

ప్రదర్శనకు చెట్టు వెళ్లలేదు. నాటిన వెంటనే కదిలించడం మంచిది కాదని డాక్టరుగారూ వదినా ఒకే మాట అన్నారు. దాంతో సంఘం వాళ్లే మా ఇంటికి వచ్చారు. ఒక్కరు కాదు, ఇద్దరు కాదు. పెరట్లో నిలబడ్డానికి చోటు చాలక గోడెక్కి కూర్చున్నవాళ్లున్నారు. అందరూ వంగి, కూర్చుని, పొట్టి పీట కోసం పోటీ పడి చూశారు. ఈ కుండీ ఎవరు ఎంచారని ఒకరు అడిగితే మా మరదలని చెప్పింది వదిన. చేసింది ఎవరని అడిగితే అది వేరే విషయమంది. ఒక లెక్కల టీచరమ్మ షెడ్డులోకి తొంగిచూసి, అలమర మీద ఖాళీగా ఉన్న నా కోల కుండీ దగ్గర ఆగిపోయింది. దీనికి చెట్టు లేదా అని అడిగింది.

"ఏ చెట్టుకి పెడితే బాగుంటుందో మా మరదల్నే అడగండి," అంది వదిన నన్ను చూపిస్తూ. "నచ్చకపోతే నచ్చలేదని చెప్తుంది. నా చెట్టుకే చెప్పింది."

ఆ మాట ఊరంతా తిరిగినట్టుంది. మర్నాటి నుంచి చెట్లు రావడం మొదలైంది. టీచరమ్మ తన చిన్న మేపుల్‌ను ఒళ్లో పెట్టుకుని వచ్చింది. నా కోల కుండీ దానికి కాదన్నాను. తర్వాత ఒక దర్జీ తన దానిమ్మను తెచ్చాడు. మెలికలు తిరిగిన కాండం, ఎర్రటి పూత. కుండీ పక్కన పెట్టగానే ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేను అలమర మీద నుంచి కుండీ దించి అతని ముందు పెట్టాను. కొత్తగా చేయమన్నవాళ్లకు ముందు చెట్టును నా దగ్గర కొన్నాళ్లు ఉంచమని చెప్పాను. పొట్టి పీట మీద కూర్చుని దాన్ని చూస్తూ ఉంటాను. తర్వాతే మట్టి ముట్టుకుంటాను. షెడ్డు నిండా ఆకులే. అత్తగారు ప్రతిదాన్నీ తడిమి తన అభిప్రాయం ఇస్తారు, నేను చాలాసార్లు వింటాను.

పైన్ మాత్రం ఏ కబురూ చెప్పకుండా కూర్చుంది. ఉబ్బిన మొగ్గలు ఉబ్బినట్టే ఉన్నాయి. వేళ్లు కొత్త కుండీలో పట్టుకుంటే ఆ మొగ్గలు కొవ్వొత్తుల్లా నిటారుగా సాగుతాయి; పట్టుకోకపోతే అలాగే ఎండిపోతాయి. వదిన రోజూ డ్యూటీకి వెళ్లేముందు చూసి, ఏమీ అనకుండా గేటు దాటేది. మేమూ అడిగేవాళ్లం కాదు.

ఒక పొద్దున నేను సారె మీద ఉన్నాను. వదిన యూనిఫాంలో ఉంది, భుజాన సంచి, చేతిలో తాళాలు. వచ్చి నా మోచెయ్యి పట్టుకుని లేపింది. సారె తిరుగుతూనే ఉంది, మీదున్న గిన్నె ఒరిగిపోయింది. లాక్కెళ్లి చెట్టు ముందు కూర్చోబెట్టి, నా మట్టి వేలును పట్టుకుని తనే ఒక మొగ్గ పక్కన ఆనించింది.

"పెరిగిందా? లేక నా కళ్ల భ్రమా?"

చూశాను. మొగ్గ కాదది. పొలుసులు విడి, గోరంత పొడుగున వెండి రంగు చిగురు పైకి లేచింది. దాని పక్కది కూడా. పక్కది కూడా. చీలిన పెద్ద కొమ్మ చివర ఒక గుత్తి మొత్తం.

"పెరిగింది వదినా."

ఆవిడ నేల మీద చతికిలబడిపోయింది, ఇస్త్రీ యూనిఫాంతో సహా. ఫోను మోగుతోంది. డిపో నుంచి. తీయలేదు. అత్తగారిని పిలిచి చిగుళ్లు తడిమించింది. మా ఆయనను నిద్ర లేపించింది. నా మట్టి చేతి ముద్ర తన తెల్ల చొక్కా మీద పడిందని అన్నాను, పడితే పడిందంది.

"పెద్దదవుతుంది ఇది," అంది చెట్టు మీద నుంచి చూపు తిప్పకుండా. "కొన్నేళ్లకి ఇంకో కుండీ కావాలి. ఇప్పట్నుంచే మొదలుపెట్టు."

"ఈసారి కుండీ కనిపించకుండా చేస్తాను."

"నువ్వు చెయ్యి. కనిపించిందో లేదో ఇద్దరం చూద్దాం," అని లేచి, పరుగు లాంటి నడకతో గేటు దాటింది.

మేజర్ బస్సు సమయానికి కదలకపోవడం డిపోలో ఎవరూ ఎరగరు. ఆ రోజు సంగతి కండక్టరు తర్వాత మాతో చెప్పాడు. ప్రయాణికులు అప్పటికే విసుక్కుంటున్నారట. ఆవిడ ఎక్కి, సీట్లో కూర్చోకుండా, చొక్కా మీద మట్టి చేతి ముద్రతో వెనక్కి తిరిగి నిలబడి, ఆలస్యానికి క్షమించమంది. ఇంట్లో చెట్టు చిగురు వేసిందని చెప్పింది. కాసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదట. తర్వాత వెనక సీట్లోంచి ఎవరో ఏం చెట్టని అడిగారట. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. బస్సు ఇంకా ఆలస్యమైంది.